పలచన

దశరథ ఆ పొద్దున గడ్డం గీసుకుంటూ దవడ కింద కోసుకున్నాడు. అదేమంత కొత్త సంగతి కాదు. ఆయనకు మాట్లాడకుండా గడ్డం గీసుకోవడం చేతకాదు, మాట్లాడుతూ గీసుకుంటే బ్లేడు తిన్నగా పోదు. ఎప్పుడూ కాస్త పటిక రుద్దితే ఆగిపోయేది. ఆ పొద్దున ఆగలేదు. పటిక రుద్దాడు, చన్నీళ్ళు చల్లుకున్నాడు, పేపరు ముక్క తడిపి అంటించుకున్నాడు. చాయ్ తాగడం అయిపోయినా నెత్తురు ఆగలేదు. పేపరు ముక్క ఎర్రగా నాని బనియను మీదికి జారింది.

ఖాళీ గ్లాసు తీసుకోవడానికి వచ్చిన పెంటమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఏందయ్యా, ఇంకా కారుతనే ఉన్నది?"

"కారనీ తియ్యి. గోలీలతోని నెత్తురు పల్చగ చేస్తమని డాక్టరు చెప్పనే చెప్పె. పాలోడు పాలల్ల నీళ్ళు కలిపినట్టు, ఆళ్ళు నా నెత్తుర్ల కలిపిండ్రు."

తన మాటకు తనే నవ్వాడు దశరథ. వంటింట్లోంచి కోడలు మృదుల కూడా నవ్వింది. పెంటమ్మకు మాత్రం నవ్వు రాలేదు. బనియను మీది మరకను వేలితో తడిమి చూసింది. ఆమె కంటికి అది నిజంగానే పల్చగా, నీళ్ళు కలిసినట్టే కనిపించింది.

దశరథ గొంతు మీద బతికిన మనిషి. కొత్తపేట పండ్ల మార్కెట్టులో మల్లికార్జునరావు కమీషను దుకాణంలో వేలంపాట పాడటం ఆయన పని. నల్గొండ పల్లె నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చిన కొత్తలో హమాలీగా బుట్టలు మోసేవాడు. ఒకనాడు పాట పాడేవాడు రాకపోతే సరదాగా గొంతెత్తాడు. ఆ రోజు ఎత్తిన గొంతు మళ్ళీ దించలేదు. హాలియా నుంచో నిడమనూరు నుంచో బత్తాయి దిగితే కుప్ప పక్కన నిలబడి ఆయన పాట ఎత్తుకునేవాడు. కొననివాళ్ళు కూడా కాసేపు ఆగి వినిపోయేవారు. మొగుణ్ణి గురించి పెంటమ్మ ఎక్కడా గొప్పలు చెప్పుకోదు గానీ, ఆ గొంతంటే మాత్రం ఆమెకు లోలోపల మహా గర్వం.

ఆ గొంతుకు రెండేళ్ళుగా గుండె అడ్డం పడుతోంది. ఉన్నట్టుండి గుండె అడ్డదిడ్డంగా కొట్టుకునేది. పాట మధ్యలో ఊపిరి అందేది కాదు. వంద అనబోయి ఆగిపోతే కొనేవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి పక్క కుప్ప దగ్గరికి వెళ్ళిపోయేవారు. "దశరథ పని అయిపోయింది" అని మార్కెట్టులో ఎవరో అన్న మాట ఇంటిదాకా వచ్చింది. మందులతో లొంగకపోతే, ఆ ఏడు వానలు మొదలైనప్పుడు, తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగలు పంపి గుండెలో తాళాన్ని తప్పుదారి పట్టించే చోట్లను కాల్చారు. బత్తాయి సీజను నాటికి ఆయన మళ్ళీ కుప్ప పక్కన నిలబడాలి. పెంటమ్మ మొక్కిన మొక్కు అదొక్కటే.

ఆపరేషను తరువాత డాక్టరు అందరినీ లోపలికి పిలిస్తే, కొడుకు మహేందర్ తల్లిని బయటి బెంచీ మీద కూర్చోబెట్టాడు. నువ్వు ఈడనే కూసో అమ్మా, లోపల ముచ్చట్లు నీకు సమజ్ కావు అన్నాడు. చెడ్డగా అనలేదు. ఆమె టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

లోపల డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. గుండెలో నాలుగు గదులు. పైన రెండు, కింద రెండు. రెండేళ్ళ అడ్డదిడ్డపు దెబ్బలకు ఎడమవైపు పై గది సాగిపోయింది. బాగా ఊదిన బుడగలోంచి గాలి తీసినా అది వెంటనే మునుపటిలా కాదు కదా, ఇదీ అంతే. ఇప్పుడు కాల్చిన చోట మచ్చ కట్టాలి, సాగిన గది మెల్లమెల్లగా ముడుచుకోవాలి. దానికి నెలలు పడుతుంది. ఈలోగా అప్పుడప్పుడు దడ వచ్చినా ఆపరేషను చెడిపోయిందని భయపడొద్దు. అయితే గుండె సరిగ్గా కొట్టుకుంటోంది కదా అని మందు మాత్రం మానొద్దు. ఆ పై గదికి ఇంకా పిండే బలం రాలేదు, దాని మూలల్లో రక్తం నిలబడితే గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి తలకు చేరితే మనిషి పడిపోతాడు.

ఇంత కథలో బెంచీ దాకా వచ్చినవి రెండు మాటలు. ఒకటి దశరథ తెచ్చాడు. "నా గుండెల నాలుగు అర్రలు ఉన్నయంటనే. ఒకటి నీకు, మిగిలినయి కిరాయికిద్దాం" అన్నాడు. ఆయన అన్నీ అలాగే చెబుతాడు కాబట్టి పెంటమ్మ దాన్ని ఆయన లొల్లి కిందనే జమకట్టింది. రెండోది మృదుల తెచ్చింది. "రక్తం పలచనయ్యే మందు ఇచ్చారత్తయ్యగారూ, రోజూ సాయంత్రం వేయాలి, ఒక్కరోజు కూడా మానకూడదు" అంది.

నెత్తురు పలచనైతే ఏమవుతుందో పెంటమ్మకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు. ఆమె చెల్లెలు ముత్తమ్మ కాన్పయిన పదిహేను రోజులకు తెల్లగా పాలిపోయి, లేవలేక, మంచంలోనే పోయింది. పిల్లకు నెత్తురు పల్చబడ్డది, అందుకే నిలవలేదని ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అన్నారు. నెత్తురు చిక్కగా ఉంటే మనిషికి తాకత్తు, పల్చబడితే మనిషి గాలి. ఇది ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు మందిచ్చి మరీ పల్చబరుస్తున్నారు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు, చెయ్యి తలుపుకు తగిలితే నల్లగా కమిలిన మచ్చ, ఇప్పుడు ఆగని గడ్డపు గాటు. పండు తినేవాడికి పుచ్చు తెలియకపోయినా, పక్కన కూర్చున్నవాడికి కనపడదా అనుకుంది.

ఒకసారి మహేందర్‌ను అడగనే అడిగింది. ఆ గోలీ బంద్ చేస్తే కాదా అని. అతను ఆఫీసుకు వెళ్ళే తొందరలో ఉన్నాడు. "నీకు తెల్వదు, ఊకో అమ్మా" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఊరుకుంది. అంటే మాట్లాడటం మానేసింది, అంతే.

మందు ఇచ్చే బాధ్యత మృదులది. ఆమె వాళ్ళది తెనాలి దగ్గర. తండ్రి సాంబమూర్తి ఉద్యోగరీత్యా వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో చదువుకుంటూ మహేందర్, ఆమె ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. అతను హయత్‌నగర్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తా, ఆమె ప్రైవేటు బళ్ళో టీచరు. పెళ్ళినాడు రెండువైపులవాళ్ళూ ఒకరి పప్పును ఒకరు మెచ్చుకున్నారు కూడా. తరువాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరింది. వీధి మొదట్లో టెంటు లేచింది. ఇంట్లో ఎవరూ మారలేదు గానీ, ఇంట్లో మాటలు మారాయి. మా దిక్కు, మీ దిక్కు అనే మాటలు అన్నంలో రాళ్ళలా అక్కడక్కడ తగిలేవి.

సమ్మె నోటీసు ఇచ్చిన వారం, దశరథ తమ్ముడు సీతారాములు భోజనానికి వచ్చాడు. మాటల్లో మృదుల, బళ్ళు మూసేస్తే పిల్లల చదువు పోతుందేమో అంది. ఆమె తన క్లాసు పిల్లల గురించి అంది. సీతారాములు నవ్వి, నీకేం బిడ్డా, పోయేది మా పిల్లలది, మీది మీకున్నది అన్నాడు. పెంటమ్మ, మన ముచ్చట మనం మాట్లాడుకుంటుంటే ఆమెకెందుకు అంది. అందరూ నవ్వారు. మహేందర్ నవ్వలేదు, కానీ కంచంలోంచి తల కూడా ఎత్తలేదు. అంతమందిలో తాను పలచనైపోయానని మృదులకు ఏడుపొచ్చింది. దశరథ ఒక్కడే, "నువ్వు చెప్పు మృదులమ్మా, ఆళ్ళ మొకం" అన్నాడు. అప్పటికే ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటను పెదవి దాటనివ్వకూడదని నిర్ణయించుకుంది.

గడ్డం కోసుకున్న రోజు సాయంత్రం, మృదుల ఎప్పటిలా చిన్న గిన్నెలో మాత్ర, గ్లాసులో నీళ్ళు తెచ్చింది. నేనిస్త తే, నువ్వు పొయ్యి మీద అన్నం చూడు అని పెంటమ్మ గిన్నె అందుకుంది. కోడలు అటు తిరగగానే ఆ తెల్ల మాత్రను సింకులో పడేసి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఎర్రటి బలం గోలీ గిన్నెలో వేసింది.

"ఇది ఎర్రగున్నదేందే?" అన్నాడు దశరథ.

"బలం గోలీ."

ఆయన గోలీ వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఏమర్థమయిందో ఏమో, ఇంకేమీ అడగకుండా వేసుకుని నీళ్ళు తాగాడు. మర్నాటి నుంచి రోజూ మాత్ర గిన్నె పెంటమ్మే అందుకునేది, వంటింటి అధికారం కూడా తీసుకుంది. కాళ్ళ పులుసు, కాలేయం, తోటకూర. కొద్దిరోజుల్లో చిగుళ్ళ నెత్తురు ఆగిపోయింది. గడ్డం కోసుకున్నా పటికకు లొంగింది. ముఖానికి కళ వచ్చింది. ఆమె అనుకున్నదే నిజమయింది. ఆ సంతోషాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక తులసికోటకు రెండుసార్లు నీళ్ళు పోసేది.

ఒక మధ్యాహ్నం మృదుల సింకు జాలీ కడుగుతుంటే సగం కరిగిన తెల్లమాత్ర ఒకటి చేతికి తగిలింది. ఆమెకు వెంటనే అర్థమయింది. మాత్రను చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడింది. అత్తను అడిగితే, నాకు నేర్పొచ్చినవా అంటుంది. మొగుడికి చెబితే, ఆంధ్రా కోడలు తల్లీకొడుకులకు తగవు పెట్టిందని చుట్టాలంతా చెప్పుకుంటారు. డాక్టరు రాసిన రక్తపరీక్ష వచ్చే సోమవారమే ఉంది. పరీక్షలో ఎలాగూ బయటపడుతుంది, డాక్టరే చెబుతాడు, నేను చెప్పక్కర్లేదు అనుకుంది. మాత్రను నీళ్ళలో వదిలేసింది.

సోమవారం నాటికి బస్సులు ఆగిపోయాయి. సకల జనుల సమ్మెలో ఎల్బీ నగర్ చౌరస్తా మూసుకుపోయింది, ఆటోలు దొరకలేదు. మహేందర్ రోజంతా టెంటులోనే ఉంటున్నాడు. మృదుల రెండుసార్లు గుర్తు చేసింది. నాయిన మంచిగనే ఉన్నడు గదా, తొవ్వలు తెరవంగనే పోదాం అన్నాడు అతను. నిజానికి దశరథ మంచిగానే ఉన్నాడు. మార్కెట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. దారులు తెరిచిన పూట వచ్చిన బత్తాయికి ఆయనే పాట పాడాడు. గొంతు పాతదయిందని మల్లికార్జునరావు కూడా అన్నాడట. ఆ మాట చెబుతూ దశరథ ఇంట్లో మళ్ళీ పాడి వినిపించాడు. పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంటింటి గుమ్మంలో మృదుల కూడా నవ్వింది, కానీ వెంటనే సింకు వైపు తిరిగింది.

తరువాతి వారంలో ఒక పొద్దున కుప్ప పక్కన నిలబడి పాట పాడుతూనే ఆయన మాట వంకర తిరిగింది. అంకె అనబోతే ఇంకేదో వచ్చింది. మళ్ళీ అనబోతే అదీ రాలేదు. ఆయన వేళాకోళాలు తెలిసినవాళ్ళు కాబట్టి కొనేవాళ్ళు నవ్వారు. కుడిచేతిలోంచి తువ్వాల జారిపడినప్పుడు, దాన్ని చూస్తూ కూడా ఆయన తీసుకోలేకపోయినప్పుడు నవ్వు ఆగింది. మల్లికార్జునరావు ట్రాలీ ఆటోలో బత్తాయి బుట్టల మధ్యే పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్ళే లేచి దారిచ్చారు, ఇద్దరు బండి ముందు పరిగెత్తారు కూడా.

ఆస్పత్రిలో డాక్టరు రక్తపరీక్ష చూసి మహేందర్‌ను పక్కకు పిలిచాడు. ఈ రక్తం మందు వేసుకుంటున్న మనిషిది కాదు అన్నాడు. గుండె స్కాను చూపించాడు. గుండె తాళం తప్పకుండా కొట్టుకుంటోంది. సాగిన పై గది అప్పుడే కొంత ముడుచుకుంది. ఆపరేషను పనిచేసిందండీ, అందుకే ఇంకా బాధగా ఉంది అన్నాడు. గది బాగుపడుతున్న రోజుల్లోనే మందు లేక మూలలో గడ్డ కట్టింది, అది తలలో మాట ఉండే చోటికి వెళ్ళింది. చెయ్యి కొంత వస్తుంది, మాట సంగతి చెప్పలేను అన్నాడు. మందు ఎవరిస్తారని అడిగాడు. నా భార్య అని మహేందర్ చెప్పాడు.

ఆ కోపాన్ని ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పంటి బిగువున ఆపుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం, దశరథను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మృదుల మాత్రా నీళ్ళూ తెచ్చింది. ఆయన పెదవులు బిగించాడు. ఆమె బతిమాలింది. ఆయన తల అటు తిప్పుకున్నాడు. మహేందర్ తీసుకుని ప్రయత్నించినా అంతే. మృదుల మళ్ళీ ముందుకు వస్తే ఎడమచేత్తో గిన్నెను మెల్లగా పక్కకు తోశాడు. మాత్ర నేలమీద దొర్లింది.

మహేందర్ అంతవరకు ఆపుకున్నది అక్కడ తెగింది.

"నాయిన నోరు లేకున్నా చెప్తుండు చూసినవా? నీ చేతి గోలీ వద్దంటుండు. డాక్టరు అడిగితే, నా పెండ్లాం ఇస్తదని ధైర్యంగ చెప్పిన నేను. ఇప్పుడు నువ్వు చెప్పు. మర్చిపోయినవా, కావాల్నని ఇయ్యలేదా?"

"కావాలనా?" మృదుల అతని వైపు తిరిగింది. "మీరు నన్నే అడుగుతున్నారా ఆ మాట?"

"ఏం అడగాల్నో నాకు తెలుస్తలేదు. మీవాళ్ళకు మా పాణాలంటే..."

అక్కడ ఆగాడు. కానీ ఆగవలసిన చోటు దాటిపోయాక ఆగాడు. మృదుల ఒంగి దొర్లిన మాత్ర ఏరింది. జాలీలో దొరికిన మాత్ర గురించి ఒక్క మాట చెబితే చాలు, తప్పు తన మీంచి పోతుంది. ఆ మాట ఎవరి మీద పడుతుందో ఆమెకు తెలుసు. గిన్నె తీసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడయింది.

పెంటమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. మాత్ర పారేసినందుకు ఆమెకు ఇంకా సిగ్గు కలగలేదు, అది ప్రేమతో చేసింది. ఇప్పుడు తన నోరు పెగలకపోవడం ప్రేమ కాదని మాత్రం తెలిసింది. తన తప్పుకు పరాయి ఇంటిపిల్ల పెట్టె సర్దుకుంటుంటే తాను గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆ కాసేపు ఆమె జీవితంలో అన్నిటికంటే బరువుగా గడిచింది. ముందుకు వచ్చింది.

"ఆమెను అనకురా. గోలీ నేనే పారేసిన."

మహేందర్‌కు మొదట అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. రోజూ పారేసింది, బదులు బలం గోలీ ఇచ్చింది. నెత్తురు పలచబడి చెల్లెలు పోవడం కళ్ళారా చూసింది, మొగుడు కూడా అలాగే పోతాడనుకుంది. ఆపినాక మంచిగయ్యాడు కదా, పాట కూడా పాడాడు కదా, నేను చేసింది మంచిదే అనుకున్నా అంది. చెబుతూ చెబుతూ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది.

"డాక్టరు అన్ని చెప్పిండు గదనే అమ్మా, ఒక్కరోజు గూడ ఆపొద్దని ఎందుకు చెప్పిండో చెప్పిండు గదా."

"నాకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

నిష్ఠూరంగా అడగలేదు ఆమె. నిజంగానే అడిగింది. మహేందర్‌కు ఆస్పత్రి బెంచీ మీద టిఫిను డబ్బాతో కూర్చున్న తల్లి గుర్తొచ్చింది. వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఊకో అమ్మా అన్నది నేనే, ఊకున్నవు అన్నాడు.

లోపలి నుంచి మృదుల వచ్చింది. చేతిలో మడత పెట్టని చీర ఒకటి అలాగే ఉంది. అత్త పక్కన నేలమీద కూర్చుంది.

"నేను చూశానత్తయ్యగారూ. సింకులో మాత్ర దొరికింది నాకు. చెబితే గొడవవుతుందని, నా మాట ఎవరికీ పట్టదని ఊరుకున్నాను. పరీక్షలో తెలుస్తుందిలే అనుకున్నాను. మావయ్యగారు పాట పాడి వినిపించిన రోజు కూడా నాకు తెలుసు. మీకంటే నాదే తప్పు. మీకు తెలియదు, నాకు తెలుసు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ సాయంత్రం ఆ గదిలో ఎవరి పిడికెడు వాళ్ళు తీసుకున్నారు. అయితే పంచుకున్నంత మాత్రాన బరువు తగ్గలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నామని ముగ్గురికీ తెలుసు.

పెంటమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆనాడు నలుగురిలో నిన్ను ఒక మాట అన్న, అందుకే నీ నోరు మూతపడ్డది అంది. తరువాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఇప్పుడన్న చెప్పు. ఆ గోలీ ఏం చేస్తది?"

మృదుల చెప్పింది. డాక్టరు చెప్పినట్టు కాదు, ఇంట్లో మనిషికి చెప్పినట్టు. గుండెలో నిజంగానే నాలుగు అర్రలున్నాయని, పై అర్ర సాగిపోయిందని, కాల్చిన పుండు మానుతూ ఆ అర్ర మళ్ళీ దగ్గరికి రావడానికి నెలలు పడుతుందని. పలచన అంటే నీళ్ళు కలవడం కాదు, బలం తగ్గడం కాదు, నిలిచిన చోట నెత్తురు పెరుగులా తోడుకోకుండా చూడటం, అంతే. ఆ మాట నేనే సరిగ్గా చెప్పలేదు అంది.

పెంటమ్మ ఒక్కొక్క మాటనూ తల ఊపుతూ వింది. ఆ నాలుగు అర్రలు ఆయన లొల్లి కాదన్నమాట.

"మరి ఇప్పుడు ఆ అర్ర ఎట్లున్నది?"

"బాగుందత్తయ్యగారూ. దగ్గరికొస్తోంది. గుండెకు ఏ భయమూ లేదన్నారు."

ఆమె దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. గుండె బాగుపడలేదని చెప్పి ఉంటే ఓర్చుకునేదేమో. గుండె తన పని తాను చేసుకుపోతోంది. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టి ఉంటే ఆ గొంతు కూడా మిగిలేది. గుండె మంచిగైంది, నేనే ఆగలేకపోయిన అని తల మంచానికి కొట్టుకోబోతే మృదుల అడ్డం పట్టుకుంది.

దశరథ ఇదంతా వింటున్నాడు. ఎంత అర్థమయిందో ఎవరికీ తెలియదు. ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, మాట కాలేదు. పెంటమ్మ లేచి ఆయన ముందు నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆయన ముందు ఆమె ఎన్నడూ చేతులు జోడించలేదు, ఇప్పుడు జోడించింది.

"గోలీ నేనే పారేసినయ్యా. నీ గొంతు నేనే తీసిన."

ఆయన ఎడమచెయ్యి లేచింది. జోడించిన ఆమె చేతులను పట్టి విడదీసింది. ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని బల్ల మీది గిన్నె వైపు లాగింది. మహేందర్‌కు అర్థం కాలేదు, మృదులకు అర్థమయింది. ఇందాకటి నుంచీ పెదవులు బిగించుకుని ఆయన చూస్తున్నది గోడను కాదు, తన చేతిని కాదు, వంటింటి గుమ్మాన్ని. అక్కడ నిలబడ్డ మనిషిని.

మృదుల మాత్రల షీటులోంచి కొత్తది తీసి అత్త చేతిలో పెట్టింది. పెంటమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"నా చేతితోని వద్దు బిడ్డా. నువ్వే ఇయ్యి. నా చెయ్యి మంచిది కాదు."

దశరథ నోరు తెరిచాడు. ఒక పక్కకు వంగిన నోరు, సగమే తెరుచుకుంది. తెరిచి ఆమె వంకే చూస్తూ కూర్చున్నాడు. పెదవి మూల నుంచి చొంగ కారుతున్నా మూసుకోలేదు. మహేందర్ తుడవబోతే కళ్ళతోనే వద్దన్నాడు. పెంటమ్మ వేళ్ళు వణుకుతున్నాయి, తెల్లమాత్ర ఆ వేళ్ళ మధ్య నిలవడం లేదు. ఆమె చెయ్యి నిలకడగా తన పెదవుల దాకా వచ్చేవరకు, ఆయన నోరు తెరుచుకునే ఉన్నాడు.